నీలి అట్టల మధ్య 1,959 ఫిర్యాదులు

1854 చివర్లోనూ 1855 మొదట్లోనూ చెన్నపట్నంలో కొలువుతీరిన ఒక విచారణ సంఘం ముందుకు 519 మంది స్వయంగా నడిచివచ్చారు. రాలేనివాళ్ల నుంచి మరో 1,440 అర్జీలు అందాయి. మొత్తం 1,959 ఫిర్యాదులు. సిస్తు బకాయి రాబట్టడానికో, నేరం ఒప్పించడానికో కచేరీ ఉద్యోగులు తమను హింసించారన్నదే వాటి సారాంశం. సంఘం తన నివేదికను 1855 ఏప్రిల్ 16న మద్రాసు ప్రభుత్వానికి సమర్పించింది. అదే సంవత్సరం అది పార్లమెంటు పత్రంగా లండన్‌లో అచ్చయి సభ్యుల చేతికి చేరింది. అప్పటి పార్లమెంటు పత్రాలకు నీలి అట్టలు ఉండేవి కనుక వాటిని బ్లూ బుక్కులు అనేవారు. మన జిల్లాల రెవెన్యూ కచేరీ, పోలీసు ఠాణా ఎలా రూపుదిద్దుకున్నాయో తెలుసుకోవాలంటే ఈ నీలి అట్టల పుస్తకాన్ని తప్పించుకుని పోయే దారి లేదు. అయితే దాన్ని ఎలా చదవాలన్న ప్రశ్న దానిలో ఏముందన్న ప్రశ్నకంటే తక్కువదేమీ కాదు.

ఇలాంటి నివేదికను చరిత్రకారులు రెండు విధాలుగా పాడుచేసుకుంటారు. కొందరు ప్రభుత్వ ముద్ర ఉన్నది కాబట్టి ప్రతి వాక్యాన్నీ రుజువుగా తీసుకుంటారు. మరికొందరు పరాయి పాలకుల కాగితం కాబట్టి మొత్తాన్నీ పక్కన పడేస్తారు. రెండూ బద్ధకమే అని నా అభిప్రాయం. పాలకుల పత్రాన్ని వాక్యం వాక్యంగా తూచాలి. తూనికరాయి ఒకటే: ఈ మాట ఒప్పుకుంటే రాసినవారికి లాభమా, నష్టమా? తనకు నష్టం తెచ్చే సంగతిని ఒప్పుకున్న చోట ఆ పత్రాన్ని గట్టిగా నమ్మవచ్చు. తనను తాను నిర్దోషిగా తేల్చుకున్న చోట మరో సాక్ష్యం దొరికేవరకు నమ్మడానికి వీల్లేదు. 1855 నివేదికను ఈ రాయితో తూస్తే అది రెండుగా చీలిపోతుంది. హింస జరిగిందన్న భాగం బరువుగా నిలుస్తుంది. దానికి బాధ్యులెవరన్న భాగం తేలిపోతుంది. మన పోలీసు శాఖకు పునాది పడింది ఆ తేలిపోయిన భాగం మీదనే.

విచారణ ఎలా మొదలైందో ముందు చూడాలి, ఎందుకంటే బ్లూ బుక్కు ఒక్కటే చదివినవారికి ఇది లండన్ పెద్దల మనస్సాక్షి మేల్కొన్న కథలాగా కనిపిస్తుంది. అసలు తీగ చెన్నపట్నంలో ఉంది. గాజుల లక్ష్మీనరసు సెట్టి అనే తెలుగు వర్తకుడు 1844లో క్రెసెంట్ అనే ఇంగ్లీషు పత్రిక పెట్టారు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించారు. ఈస్టిండియా కంపెనీ చార్టరు మళ్లీ పార్లమెంటు ముందుకు రానున్న సమయమది. పన్నుల భారం, న్యాయస్థానాల జాప్యం, పాలనలోని లోపాలు వివరిస్తూ ఆ సంఘం పార్లమెంటుకు పెద్ద అర్జీ పంపింది. 1853లో చార్టరు చట్టం వచ్చింది కానీ అర్జీదారులు ఆశించిన మార్పులు అందులో రాలేదు. అప్పుడే ఇండియా రిఫార్మ్ సొసైటీకి అధ్యక్షుడుగా ఉన్న పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమూర్ మద్రాసు రాజధానికి వచ్చారు. లక్ష్మీనరసు సెట్టి ఆయనను పల్లెలకు తిప్పి, పన్ను వసూళ్ల తీరు స్వయంగా చూసేలా చేశారు. 1854 జులై 11న కామన్స్ సభలో మద్రాసు భూమి పన్ను మీద బ్లాకెట్ అనే సభ్యుడు పెట్టిన తీర్మానం చర్చకు వచ్చినప్పుడు ఈ హింసల ప్రస్తావన బయటపడింది. కంపెనీ అనుభవం ఉన్నవారు నమ్మలేమన్నారు. నిజానిజాలు తేల్చడానికి మద్రాసులో సంఘం వేయక తప్పలేదు. ఇ.ఎఫ్. ఇలియట్, హెచ్. స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అందులో సభ్యులు.

చర్చ గురించి చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఆ రోజుల్లో పార్లమెంటు ప్రసంగాలకు మనం వాడే హాన్సర్డ్ సంపుటాలు అక్షరం పొల్లుపోకుండా రాసుకున్న రికార్డు కావు. అది ప్రైవేటు ప్రచురణ. పత్రికల్లో వచ్చిన వార్తలను కూర్చి, కొన్నిసార్లు సభ్యులు దిద్ది ఇచ్చిన పాఠాలను చేర్చి అచ్చువేసేవారు. సభే సొంతంగా అధికారిక నివేదిక తయారుచేయడం 1909 నుంచి మొదలైంది. కాబట్టి 1854 నాటి హాన్సర్డ్‌లో ఒక సభ్యుడి నోట ఫలానా మాటే వచ్చిందని ప్రమాణం చేయలేం. ఆ సభలో ఏ వాదం నడిచింది, ఏ పక్షం ఏమి కాదంది అన్నంతవరకు నిశ్చింతగా వాడుకోవచ్చు. మూలం ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో ఆ ప్రశ్నే దాన్ని అడగాలి. ఇంత చిన్న విషయాన్ని పట్టించుకోకుండా ఆనాటి ప్రసంగాలను కొటేషన్ గుర్తుల మధ్య వేడివేడిగా వడ్డించే పుస్తకాలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు సంఘం ఏం కనుక్కుందో చూద్దాం. పన్ను వసూలులో హింస వాడుకలో ఉన్నదని, అది ఏ ఒక్క జిల్లాకో పరిమితం కాదని నివేదిక ఒప్పుకుంది. వాడిన పద్ధతుల జాబితా ఇచ్చింది. మనిషిని ఎండలో నిలబెట్టడం, అన్నానికీ కాలకృత్యాలకూ పోనివ్వకపోవడం, పశువులను మేతకు విడవకుండా ఇంట్లోనే కట్టేయించడం, బకాయిదారు ఇంటిమీద బంట్రోతును కూర్చోబెట్టి వాడి రోజుకూలి కూడా బకాయిదారు చేతే ఇప్పించడం, వేళ్లు పెనవేసి నొక్కడం, తొడపాశం పెట్టడం, చెవులు మెలిపెట్టడం, మోకాళ్ల వెనక ఇటుక ముక్కలు పెట్టి గొంతుక్కూర్చోబెట్టడం, ఇద్దరి జుట్లు కలిపి ముడివేయడం, బొండకొయ్యలో బిగించడం, గాడిద తోకకో దున్నపోతు తోకకో జుట్టు కట్టడం, మెడలో ఎముకల దండ వేయడం. ఈ జాబితాలో నన్ను ఎక్కువగా ఆపేది దెబ్బల వివరం కాదు, అవమానాల వివరం. శరీరానికి తగిలిన గాయం కొన్నాళ్లకు మానుతుంది. ఊరి నడిబొడ్డున మెడలో ఎముకల దండతో నిలబడిన రైతు మర్నాడు అదే ఊళ్లో బతకాలి. పన్ను రాబట్టే యంత్రాంగం ఆ సంగతి బాగా ఎరిగే పనిచేసింది. రూపాయో రెండు రూపాయలో బాకీపడ్డవాడికి పరువు పోతుందన్న భయమే వారెంటు అయింది.

నివేదికలో ఎక్కువగా కనిపించే రెండు సాధనాలకు తెలుగు పేర్లు కూడా ఇచ్చారు. కిట్టి అనే కొయ్య పరికరాన్ని తెలుగులో చీరట అంటారని, ఆనందాల్ అనే శిక్షను జింజెరి అంటారని ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. మొదటిది నిమ్మకాయ పిండే చెక్కలాంటిది. రెండు చెక్కల మధ్య చేతులో తొడలో చెవులో పెట్టి నొక్కుతారు. రెండోది మనిషిని వంచి, అతని పైబట్టతోనో తాడుతోనో మెడనూ కాలివేళ్లనూ కలిపి కట్టి, అలాగే వదిలేసే పద్ధతి. ఈ రెండు మాటలు తెలుగు పాఠకుడికి ఒక పని అప్పగిస్తున్నాయి. చీరట అన్నది ఇంగ్లీషు గుమాస్తా చెవిన పడిన రూపం. భజనలో వాయించే చిరతలు తెలిసినవాడికి, రెండు చెక్కలు ఒకదానికొకటి తాకే ఆ వాద్యం వెంటనే గుర్తొస్తుంది. పోలిక ఉన్నంత మాత్రాన అది రుజువు కాదు. కానీ లిపి మారినప్పుడు హ్రస్వం దీర్ఘమై, తకారం టకారమై పోవడం ఆనాటి కాగితాల్లో సర్వసాధారణం. రెండో మాటలోని మొదటి అక్షరాన్ని జకారంగా చదవాలా గకారంగా చదవాలా అన్నది కూడా రోమన్ లిపి తేల్చదు. సి.పి. బ్రౌన్ 1852లో మద్రాసులో అచ్చువేసిన జిల్లా నిఘంటువు, 1855లో వచ్చిన హెచ్.హెచ్. విల్సన్ రెవెన్యూ, న్యాయ పదకోశం సరిగ్గా ఈ కాలానివే. కచేరీ మాటలను వాటి పక్కన పెట్టి చదివితే తప్ప ఇంగ్లీషు వేషంలో ఉన్న మన పదాలను గుర్తుపట్టలేం. ఈ పని తెలుగు, తమిళం, కన్నడం పుట్టుకతో వచ్చినవారే బాగా చేయగలరు. దశాబ్దాలుగా ఆ పని మిగిలిపోయి ఉండడం బాధ కలిగించే విషయం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఈ పత్రంలో రైతు గొంతు లేదు కదా, అర్జీలు రాసింది లేఖకులు, వాటిని ఇంగ్లీషులోకి మార్చింది ప్రభుత్వ అనువాదకులు, చివరికి మిగిలింది మూడు చేతులు మారిన మాట కదా అంటారు. ఆ అభ్యంతరంలో నిజం ఉంది. అర్జీకి ఒక మూస ఉంటుంది. ధర్మప్రభువులకు దండాలతో మొదలై, అన్నవస్త్రాల లేమితో నడిచి, విచారించి న్యాయం చేయమన్న వేడుకోలుతో ముగుస్తుంది. ఆ మూసలో పడని వివరాలు వేరే జాతికి చెందినవి. బకాయి ఎంత, బంట్రోతు ఎన్ని రోజులు ఇంటిమీద కూర్చున్నాడు, కట్టింది తాటినారా కొబ్బరినారా, ఎవరు చూశారు వంటివి లేఖకుడు అలంకారం కోసం కల్పించే సంగతులు కావు. అవి అర్జీదారు నోటినుంచే రావాలి. అందువల్ల అర్జీ భాషను పక్కకు పెట్టి అర్జీలోని కొలతలను పట్టుకుంటే, మూడు చేతులు మారినా మిగిలిన సాక్ష్యం చేతికి చిక్కుతుంది.

ఫిర్యాదుల సంఖ్య మీద కూడా వాదం ఉంది. సుమారు 2 కోట్ల 20 లక్షల జనాభా ఉన్న రాజధానిలో 1,959 ఎంత, ఇది అరుదైన దురాచారమే కదా అని కంపెనీ సమర్థకులు అనవచ్చు. ఈ లెక్క వేసేముందు ఆ సంఖ్య ఎలా పుట్టిందో అడగాలి. విచారణ జరిగింది చెన్నపట్నంలో. ఫిర్యాదులు చేసుకోవడానికి ఇచ్చిన గడువు మూడు నెలలు. మద్రాసు రాజధానిలో మొదటి రైలు నడిచింది 1856 జులైలో, రాయపురం నుంచి వాలాజా దాకా మాత్రమే. విశాఖపట్నం నుంచి చెన్నపట్నానికి సుమారు 800 కిలోమీటర్లు. పొలం, పశువులు, ఇల్లు వదిలి, దారిఖర్చులు పెట్టుకుని, తనను కొట్టించిన తహశీల్దారు ఇంకా కుర్చీలోనే ఉండగా, తిరిగి వచ్చాక ఏం జరుగుతుందో తెలిసి కూడా బయల్దేరినవాళ్లు 519 మంది. ఎంత హింస జరిగిందో ఈ సంఖ్య చెప్పలేదు. చెప్పుకోవడానికి ఎంత తెగింపు కావలసి వచ్చిందో చెబుతుంది. అదే కొలత అనుకుంటే 519 చాలా పెద్ద సంఖ్య. ప్రభుత్వ లెక్కలు వాడేవారు ప్రతి అంకె పక్కనా అది ఏ తలుపు దాటి వచ్చిందో రాసుకోవాలి. ఆ తలుపు ఎంత ఇరుకో తెలియకుండా లోపలికి వచ్చినవారిని లెక్కపెట్టి ప్రయోజనం లేదు.

ఇక నివేదికలో తేలిపోయే భాగం. దొరతనం వారి యూరోపియన్ ఉద్యోగులు ఈ హింసలను ప్రోత్సహించారనీ, చూసీచూడనట్టు ఊరుకున్నారనీ జనం అనుకోవడం లేదని, దోషమంతా దేశీయ కింది ఉద్యోగులదని సంఘం తీర్పు చెప్పింది. అదే నివేదిక మరోచోట, తమ దృష్టికి వచ్చిన వాటిలో అన్నిటికంటే బాధ కలిగించినది బాధితులకు న్యాయం దొరకకపోవడం అని కూడా రాసింది. కలెక్టరుకు అర్జీ పెట్టుకుంటే విచారణ నిమిత్తం అది తిరిగి తాలూకాకే వెళ్లేదనీ, అంటే ఫిర్యాదు ఎవరి మీదనో వారి చేతికే చేరేదనీ, దూరం, ఖర్చు, భయం మిగిలిన దారులను మూసేసేవనీ ఒప్పుకుంది. ఈ రెండు భాగాలను ఒకదాని పక్కన మరొకటి పెట్టండి. అర్జీని తహశీల్దారుకు తిప్పి పంపే హుకుం మీద సంతకం ఎవరిది? కిస్తీ గడువులోగా జిల్లా మొత్తం సొమ్ము ఖజానాకు చేరాలని ఒత్తిడి పెట్టింది ఎవరు? జమాబందీ పూర్తయ్యాక బకాయి తక్కువ చూపించిన కలెక్టరును సమర్థుడని మెచ్చుకున్నది ఎవరు? నిర్దోషిత్వపు తీర్పుకు విరుగుడు ఆ నివేదిక పొట్టలోనే ఉంది. 1857 సెప్టెంబరులో కార్ల్ మార్క్స్ న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్ పత్రికలో ఈ బ్లూ బుక్కు మీద రాసిన వ్యాసం కూడా ఈ వైరుధ్యం చుట్టూనే తిరిగింది. అంతకుముందు 1856లో ప్రభువుల సభలో ఆల్బెమార్ల్ ప్రభువు ఈ నివేదికనే చేతపట్టుకుని మాట్లాడారు. వారెవరికీ కొత్త పత్రాలు దొరకలేదు. అందరి ముందూ ఉన్న పుస్తకాన్నే జాగ్రత్తగా చదివారు.

ముగ్గురు సభ్యుల్లో నార్టన్ కంపెనీ పాలనకు బాహాట విమర్శకుడు. దక్షిణాదిలో న్యాయపాలన ఎంత అధ్వానంగా ఉందో 1853లో ఒక పుస్తకమే అచ్చువేశాడు. కాబట్టి నివేదిక ముందే వంగి ఉందని కంపెనీ పక్షం అనుకోవచ్చు. నాకు ఇది మరో రకంగా అర్థమవుతుంది. అంత విమర్శకుడు కూడా దొరలు నిర్దోషులన్న వాక్యం కింద సంతకం పెట్టాడంటే, ఆ నివేదిక ఒకరి మనసులో పుట్టిన గ్రంథం కాదన్నమాట. ముగ్గురూ సర్దుకున్న పాఠం అది. సంఘాల నివేదికలన్నీ ఇలాంటివే. ఒక పేరాలో ఒకరు నెగ్గుతారు, మరో పేరాలో మరొకరు. మొత్తం నివేదికకు ఒకే అభిప్రాయం అంటగట్టేవారు ఈ అతుకులను చూడరు. హింస నిజమే అన్న మాటా, దొరల తప్పు లేదన్న మాటా ఒకే చోట కలిసి కాపురం చేయడానికి కారణం బహుశా ఆ సర్దుబాటే.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి. ఈ పద్ధతులు కంపెనీ కనిపెట్టినవి కావు, నవాబుల కాలంలోనూ పాలెగాళ్ల కాలంలోనూ ఉన్నవే, వారసత్వంగా వచ్చిన దురాచారానికి కొత్త యజమానిని నిందించడం ఏం న్యాయం అని. నివేదిక కూడా ఈ వాదాన్నే ఆశ్రయించింది. పద్ధతులు పాతవన్నది ఒప్పుకోవచ్చు. కోదండం, గుంజిళ్లు, తొడపాశం వంటి మాటలు మన వీధిబడుల్లో కూడా ఎంత చనువుగా తిరిగాయో తెలిసిన జాతి ఆ సంగతి కాదనలేదు. అయితే సంస్థ చరిత్ర అడగవలసిన ప్రశ్న దెబ్బ ఎవరు కనిపెట్టారన్నది కాదు, కొట్టే అధికారం ఏ శాసనం కింద ఎవరి చేతికి వచ్చిందన్నది. దానికి జవాబు 1816 నాటి మద్రాసు రెగ్యులేషన్లలో స్పష్టంగా ఉంది. థామస్ మన్రో సిఫార్సుల ఫలితంగా వచ్చిన ఆ శాసనాల్లో 4వ రెగ్యులేషన్ ఊరి మునసబుకు చిన్న దావాలు తీర్చే అధికారం ఇచ్చింది. 11వ రెగ్యులేషన్ పోలీసు అధికారాన్ని గ్రామ పెద్దల చేతిలోనూ, వారిపైన తహశీల్దారు చేతిలోనూ, ఆ పైన మేజిస్ట్రేటు అయిన కలెక్టరు చేతిలోనూ పెట్టింది. అంటే సిస్తు అడిగేవాడు, అరెస్టు చేసేవాడు, ఫిర్యాదు వినేవాడు తాలూకాలో ఒక్కడే. ఖర్చు తగ్గుతుందని, దేశాచారానికి దగ్గరగా ఉంటుందని ఆనాడు దీన్ని సమర్థించారు. పాత ఆచారంలో ఎన్ని లోపాలున్నా, ఈ ముడి వేసింది మాత్రం కంపెనీ అచ్చువేసిన శాసనమే. దాని తేదీ, నంబరు మన దగ్గర ఉన్నాయి.

ముడి ఎక్కడ పడిందో సంఘం గ్రహించింది. రెవెన్యూ నుంచి పోలీసును వేరుచేయాలంది. 1859 నాటి 24వ చట్టం ద్వారా మద్రాసు రాజధానికి ప్రత్యేక పోలీసు శాఖ ఏర్పడింది. విలియం రాబిన్సన్ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. 1861లో దేశమంతటికీ వచ్చిన 5వ చట్టానికి ఈ మద్రాసు అనుభవం ఆధారాల్లో ఒకటి. అదే ఏడాది వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదన్న నియమం తెచ్చింది. 1872 సాక్ష్య చట్టంలో అది 25వ సెక్షనుగా స్థిరపడింది. అయితే ప్రతిదాన్నీ ఈ నివేదిక ఖాతాలో వేయకూడదు. ఉదాహరణకు 1860 శిక్షాస్మృతి 330వ సెక్షను కింద, బకాయి పన్ను కట్టించడానికి ఒక రెవెన్యూ ఉద్యోగి ఒకరిని హింసిస్తే అది నేరమన్న ఉదాహరణ ఉంది. చూడగానే మద్రాసు నివేదిక గుర్తుకొస్తుంది. కానీ శిక్షాస్మృతి ముసాయిదా 1837లోనే తయారైంది. ముసాయిదా పాఠాన్ని చట్టం పక్కన పెట్టి పోల్చకుండా, ఆ ఉదాహరణ 1855 వల్లే వచ్చిందని చెప్పడం తొందరపాటు. ముందు జరిగింది కారణం, తర్వాత జరిగింది ఫలితం అన్న సులువైన వరస సంస్థల చరిత్రలో చేసినంత హాని మరేదీ చేయలేదు.

పోలీసు వేరుపడింది సరే, హింసకు మూలమైన పన్ను సంగతేమిటి? 1855లోనే మద్రాసు ప్రభుత్వం భూములను మళ్లీ కొలిచి, పన్నును స్థూల పంటలో 30 శాతానికి మించకుండా నిర్ణయించాలని ప్రతిపాదించింది. 1864 నాటికి అది నికర ఆదాయంలో సగం అన్న సూత్రంగా మారింది. అందుచేత ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేం. అయినా పోలీసు, పన్ను మార్పుల వేగాన్ని చూడాలి. నాలుగేళ్లలో కొత్త పోలీసు శాఖ లేచి నిలబడింది. కొలతలు, కొత్త పన్ను రేట్లు జిల్లా జిల్లాకూ చేరడానికి దశాబ్దాలు పట్టింది. తప్పు కింది ఉద్యోగిదని తీర్పు చెప్పిన నివేదిక సహజంగానే కింది ఉద్యోగిని మార్చే చికిత్స సూచించింది. పైనుంచి వచ్చే ఒత్తిడి తప్పని తేల్చి ఉంటే చికిత్స ఖజానా దగ్గర మొదలై ఉండేది. ఆ కొత్త పోలీసు ఎలా నడిచిందో 1902లో ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన వేసిన పోలీసు కమిషన్ మళ్లీ విచారించి, అవినీతితో జనాన్ని పీడిస్తున్నారని తేల్చవలసి వచ్చింది. అర్ధశతాబ్దం గడిచాక కూడా అదే జబ్బుకు అదే నాడి చూశారు.

బ్లూ బుక్కులో లేనిది వెతకాలంటే ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా కట్టిన ఆ భవనంలో రెవెన్యూ బోర్డు, జుడీషియల్ శాఖల దస్త్రాలు, తెలుగు జిల్లాల కలెక్టర్ల ఉత్తరాలు ఉన్నాయి. పార్లమెంటుకు పంపే పత్రం ఎప్పుడూ ఏరిన పత్రమే. ఏది పంపాలో నిర్ణయించినవారి చేతివాటం అందులో ఉంటుంది. జిల్లా దస్త్రం అలా కాదు. అది లండన్ చదువుతుందని ఊహించకుండా రాసుకున్న రోజువారీ కాగితం. ఆ కాగితాలు చదివితే బొమ్మ ఎంత మారుతుందో రాబర్ట్ ఫ్రికెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన గుంటూరు జిల్లా చరిత్ర చూపించింది. 1788 నుంచి 1848 దాకా ఆ జిల్లా కచేరీలో అసలు పగ్గాలు శిరస్తాదారుల, వారి బంధువర్గాల చేతుల్లో ఎలా ఉండేవో, కలెక్టరు ఎంత తక్కువ తెలుసుకోగలిగేవాడో అది వివరించింది. నా వాదనకు ఇది ఎదురు సాక్ష్యంలా కనిపిస్తుంది. దేశీయ ఉద్యోగులే అసలు శక్తి అయితే 1855 నివేదిక చెప్పిందే నిజమవదా? కాదు. దేశీయ ఉద్యోగులు నిర్దోషులని ఎవరూ అనడం లేదు. తెలుగువాడిని తెలుగువాడే బొండకొయ్యలో బిగించాడన్న చేదు నిజాన్ని మనం దాచకూడదు. కానీ కలెక్టరుకు ఏమీ తెలియదన్న మాట అతణ్ణి నిర్దోషిని చేయదు. తెలుసుకునే దారులన్నీ తాలూకా కచేరీ మీదుగానే పోయేలా ఏర్పాటు చేసింది ప్రభుత్వమే. ఆ అజ్ఞానం 1816 శాసనంలో అంతర్భాగం.

ఈ విచారణ కంపెనీ ఏలుబడిలోని జిల్లాలకే పరిమితం. నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెలు దాని పరిధిలోకి రాలేదు. అక్కడి వసూళ్ల చరిత్రకు ఆధారాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఫారసీ, ఉర్దూ దస్త్రాలుగా ఉన్నాయి. రెండు ప్రాంతాలనూ పక్కపక్కన పెట్టి రాయాలంటే ఆ భాషలు కూడా నేర్చినవారు కావాలి.

కోస్తా, రాయలసీమ జిల్లాల్లో 1859 చట్టం తాలూకా స్థాయిలో విప్పిన ముడి ఊళ్లో మాత్రం అలాగే ఉండిపోయింది. మునసబు సిస్తు వసూలు చేస్తూనే, నేరాల కబురు ఠాణాకు చేరవేసే బాధ్యతనూ మోశాడు. తలారి కూడా ఆ రెండు పనులూ చేశాడు. 1895లో వచ్చిన మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ఆ పదవులను కుటుంబాల ఆస్తిగా ఉంచింది. గుంటూరు జిల్లాలోని ఒక మునసబు పదవి తగాదాలో 1960లో సుప్రీంకోర్టు, వంశాన్ని బట్టి పదవి ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. పదవి మాత్రం మిగిలింది. 1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో మునసబు, కరణం పదవులను రద్దు చేసినప్పుడు గానీ, సిస్తు పుస్తకమూ పోలీసు కబురూ ఒకే చావడి అరుగు మీద ఉండే ఏర్పాటు తెలుగు పల్లెల్లో ముగియలేదు. 519 మంది చెన్నపట్నం నడిచివెళ్లిన రోజుల నుంచి లెక్కిస్తే అప్పటికి 130 ఏళ్లు గడిచాయి.